బీడీ మానినోళ్ల పరీక్ష: దవాఖాననా, ఫోనా?

పొగ మాన్పించే పరిశోధనల్లో "మానేసిన" అన్న మాట ఒక్కటే సరిపోదు. దవాఖానకు వస్తే 15 సెకన్లు ఊపిరి బిగబట్టి మీటర్‌లోకి మెల్లగ ఊదాలె. పొగతోని ఒంట్లకు పోయే కార్బన్ మోనాక్సైడ్ వాయువు ఎంతుందో అక్కడికక్కడే తెలుస్తది. కానీ అది కొన్ని గంటల్లోనే సగమైతది, నిన్నటి నుంచి ఆపి వచ్చినా తక్కువే చూపిస్తది. కట్టెల పొయ్యి పొగకూ అంకె పెరుగుతది.

ఇంటి నుంచైతే ఉమ్మి నమూనా పోస్టుల పంపుతరు. అందులో కొటినిన్, అంటే నికోటిన్ ఒంట్ల మారి అయ్యే పదార్థం, రెండు మూడు రోజుల దాక దొరుకుతది. నికోటిన్ గమ్ నమిలినా, గుట్కా వేసినా అదీ పాజిటివే. ముందే అడిగి రాసుకోవాలె. నమూనా ఎవరిదో తెల్వాలంటే వీడియో కాల్‌ల చూస్తుండంగనే తీయించాలె.

నాకు బాధనిపించేది ఇంకోటి. మళ్ల పరీక్షకు రానోళ్లను చాలా పరిశోధనల్లో తాగుతున్నట్టే లెక్కేస్తరు. దేవరకొండ నుంచి నల్లగొండకు వస్తే ఆ రోజు కూలి పోతది. రాలేనోడు నిజంగనే మానేసి ఉండొచ్చు గదా! బస్సు ఛార్జీతోపాటు కూలి పైసలూ ఇయ్యాలె, లేదంటే మీటర్‌నే ఊరికి తీస్కపోవాలె.