అది ఆయిల్ కాదప్పా, నీళ్లు

గురువారం మధ్యాహ్నం మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పడింది. దుబాయ్ ఎయిర్‌షోలో నిలబెట్టిన మన తేజస్ యుద్ధవిమానం కింద ఏదో కారుతోంది. ‘ఆయిల్ లీకు, పరువు పోయింది’ అని కింద రాసి పెట్టారు. పంపింది మా హార్డ్‌వేర్ షాపు స్నేహితుడు. వాడికి ఎవరి పరువు పోయినా సంతోషమే.

నేను తిరుపతిలో ఇరవై రెండేళ్లుగా ఏసీలు బాగు చేస్తున్నాను. ఆ సమయానికి తిరుచానూరులో ఒక లాడ్జిలో స్టూలెక్కి ఉన్నాను. అమ్మవారి బ్రహ్మోత్సవాలు, గదులన్నీ ఫుల్లు, ఒక గదిలో ఏసీ నీళ్లు నేరుగా మంచం మీద కారుతున్నాయి. డ్రెయిన్ పైపు ఊది, ధారగా వస్తున్న నీళ్లను ఫోన్లో తీసి గ్రూపులో పెట్టాను. "ఇది కూడా ఆయిలేనా అప్పా?"

తరవాత కూర్చుని పెద్ద మెసేజే కొట్టాను. తేమ గాలి చల్లటి కాయిల్‌ను తాకితే నీళ్లవుతుంది. ఫైటర్ విమానంలోనూ పైలెట్‌కు, లోపలి ఎలక్ట్రానిక్స్‌కు చల్లగాలి కావాలి, దుబాయ్ సముద్రం పక్క ఊరు, అక్కడ నీళ్లు రాకపోతేనే అనుమానపడాలి అని. ప్రభుత్వం వాళ్లు కూడా అదే చెప్పారు, తేమ ఎక్కువున్న చోట ఆ నీళ్లను కావాలనే బయటికి వదులుతారని. ఆ విమానానికి పైపులు నేనే బిగించినట్టు ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగాను.

తేజస్ మీద నాకు అంత ప్రేమ ఎందుకంటే, 2025 ఫిబ్రవరిలో మా పాపను బెంగళూరు పక్క యలహంక తీసుకుపోయాను, ఏరో ఇండియా విమానాల షో చూపించడానికి. రాత్రి బస్సెక్కి, పొద్దున ఎండలో టోపీలు కొని, మెడలు నొప్పి పుట్టేదాకా చూశాం. "నాన్నా, దీనికి వెనక చిన్న రెక్కలు లేవే" అంది పాప. నిజమే, త్రికోణం రెక్క ఒక్కటే, వెనక నిలువుగా ఒక తోక. అది మన కళ్ల ముందు నుంచి పోయాక శబ్దం వస్తుంది. 2001లో బెంగళూరులో మొదటిసారి ఎగిరింది. 2024 మార్చిలో జైసల్మేర్ దగ్గర ఒకటి కూలితే పైలెట్ పారాచూట్‌తో బయటపడ్డాడు. తేజస్‌లో మనిషి పోవడం అనేది అప్పటిదాకా లేదు.

2025 నవంబర్ 21, శుక్రవారం. పోలి పాడ్యమి. తెల్లవారుజామున మా ఆవిడ కపిలతీర్థంలో అరటి దొప్పల్లో దీపాలు వదిలి వచ్చింది. పోలి కోసం స్వర్గం నుంచి విమానం దిగిన కథ పాపకు చెప్పింది. ఆ పిల్ల ‘ఏ విమానం?’ అని అడిగిందట. సాయంత్రం దాకా ఇద్దరూ దాని గురించే నవ్వుకుంటారనుకున్నాను.

నాలుగున్నరకు షాపులో ఉండగా ఫోను మోగుతూనే ఉంది. మన టైము ప్రకారం మూడు నలభై ప్రాంతంలో దుబాయ్‌లో తేజస్ కూలింది. నడిపింది వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్, హిమాచల్‌లోని కాంగ్రా జిల్లా మనిషి. వీడియోలో విమానం కిందికి వస్తుంది, లేవదు, నేలను తాకిన చోట పెద్ద మంట. అంతే. నేను నాలుగుసార్లు చూశాను. ఎక్కడో ఒక చోట పైలెట్ సీటుతో సహా బయటికి ఎగురుతాడేమోనని ఆపి ఆపి చూశాను.

గ్రూపులో మా హార్డ్‌వేర్ వాడు ఒక్క లైను పెట్టాడు. "నీళ్లేనా అప్పా?"

ఒళ్లు మండిపోయింది. ఆ కారిన నీళ్లకీ దీనికీ సంబంధం లేదురా అని రాసి, కోపంలో ఆ వీడియో కూడా గ్రూపులో పడేశాను, చూడు, మనిషి పోయాడు అని. ఎందుకు కూలిందో వాయుసేన విచారణలో తేలాల్సి ఉండింది. నాకు తెలిసింది ఒక చిన్న లెక్క. విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుందంటే సెకనుకు దాదాపు 140 మీటర్లు. యుద్ధానికి పోయే పైలెట్‌కు కింద ఆకాశం మిగులుతుంది. జనానికి కనపడాలని ఎగిరే పైలెట్‌కు కింద ఉండేది నేలే. మేము యలహంకలో ‘ఇంకా కిందికి రాలేదేంది’ అనుకున్నాం, ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది. ఆ యలహంకలోనే 2019లో షో ముందురోజు రిహార్సల్లో వాయుసేన విన్యాసాల జట్టు సూర్యకిరణ్ విమానాలు రెండు గుద్దుకుని వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ చనిపోయారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే టికెట్ కొన్నాను.

దుబాయ్‌లో కూలిన తరవాత కూడా షో నడిచింది. అమెరికా ఎఫ్-16 టీము మాత్రం తమ చివరి ప్రదర్శన మానుకుంది. నమాంశ్ మీద గౌరవంతో మానుకున్నామని, షో ఆపకపోవడం తనకు మింగుడు పడలేదని వాళ్ల పైలెట్ తరవాత రాసుకున్నాడు. ఆ అమెరికా మనిషికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఆదివారం నమాంశ్ పార్థివదేహాన్ని ఊరికి తెచ్చారు. ఆయన భార్య కూడా వాయుసేన అధికారే. యూనిఫాంలో నిలబడి సెల్యూట్ చేస్తున్న ఆమెను టీవీలో చూసి మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ పూట పోలి కథ మాట ఎవరూ ఎత్తలేదు.

మంగళవారం పంచమీ తీర్థం. తిరుచానూరు రోడ్లన్నీ జనం, పనికి పోయే దారి లేదు. షాపులో కూర్చుని పాత వార్తలు చదువుతుంటే నమాంశ్ తండ్రి మాటలు కనపడ్డాయి. రిటైరైన స్కూలు ప్రిన్సిపాల్ ఆయన. నా విన్యాసాలు టీవీలోనో యూట్యూబ్‌లోనో చూడు నాన్నా అని కొడుకు ముందురోజే చెప్పాడట. శుక్రవారం సాయంత్రం ఆయన ఆ వీడియో కోసమే యూట్యూబ్‌లో వెతికాడు. కొడుకు విమానం కూలిందన్న వార్త ఆయనకు అక్కడే కనపడింది.

నేను నాలుగుసార్లు చూసిన సమయమూ అదే.

గ్రూపు తెరిచి పైకి జరుపుకుంటూ పోయాను. నీళ్ల గురించి నేను రాసిన పెద్ద మెసేజ్, దానికి వచ్చిన దండాలు, లాడ్జి ఏసీ వీడియో, వాడి లైను, దాని కింద నేను పెట్టిన మంట. వేలు పెట్టి నొక్కి పట్టుకున్నాను. నాలుగు రోజులైపోయింది కదా, ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ రాలేదు. ‘డిలీట్ ఫర్ మీ’ ఒక్కటే వచ్చింది.