ఏడాదిలో కరిగిపోతుందన్న ఫిల్లర్, ఆరేళ్ళ తర్వాత

కళ్ళ కింది ఉబ్బు పూర్తిగా తగ్గి ఈ రోజుకు పన్నెండు రోజులు. కోపం చల్లారకముందే ఇది రాసిపెట్టాలని కూర్చున్నాను.

2019లో, మా అమ్మాయి పెళ్ళికి రెండు నెలల ముందు, హైదరాబాద్‌లోని ఒక క్లినిక్‌లో కళ్ళ కింది గుంటలకు ఫిల్లర్, అంటే గుంట పూడేలా చర్మం కిందికి సూదితో ఎక్కించే జెల్ లాంటి మందు, వేయించుకున్నాను. ఒక్కో వైపు అర మిల్లీలీటరు, పావుగంట పని. తొమ్మిది నెలల నుంచి ఏడాదిలోపు శరీరమే దాన్ని కరిగించుకుంటుందన్నారు. పెళ్ళి ఫొటోల్లో ముఖం బాగానే వచ్చింది, ఆ మాట దాచను.

2022 నుంచి పొద్దున లేచేసరికి కళ్ళ కింద సంచులు కట్టినట్టు ఉబ్బేది. ట్యూబ్‌లైట్ వెలుగులో ఆ చోట లేత నీలి ఛాయ కూడా కనిపించేది. ఉప్పు తగ్గించాను. థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు చేయిస్తే లోపమేమీ లేదన్నారు. మా వియ్యపురాలైతే కలిసిన ప్రతిసారీ "నిద్ర పట్టడం లేదా వదినగారూ?" అని పరామర్శించేవారు. చివరకు ఈ ఏడాది, 2025లో, సైనస్ బాధకు ఎంఆర్ఐ తీయిస్తే, నీరు తెల్లగా మెరిసే ఆ చిత్రాల్లో రెండు కళ్ళ కిందా రెండు తెల్లటి మడుగులు బయటపడ్డాయి. "ఫిల్లర్ ఎప్పుడు వేయించుకున్నారమ్మా?" అని అడిగారు రేడియాలజిస్టు. ఆరేళ్ళయిందని చెప్తే, ఆయన కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు.

ఆ ఫిల్ములు పట్టుకుని పాత క్లినిక్‌కే వెళ్ళడం నేను చేసిన పొరపాటు. డాక్టరు దాకా వెళ్ళనివ్వలేదు. కౌన్సెలర్ అనే ఒక అమ్మాయి, వరుసలో కూర్చున్న నలుగురూ వినేలా, "ఆంటీ, ఈ వయసులో కొవ్వు కిందికి జారడం మామూలే, ఇంకో సిరంజి వేస్తే సమమవుతుంది" అంది. ఫిల్ములు చూపిస్తే, "మధ్యలో ఇంకెక్కడైనా వేయించుకుని మరిచిపోయారేమో" అని నవ్వింది. అప్పుడు వేసిన మందు పేరైనా చెప్పమన్నాను. మూడేళ్ళు దాటిన రికార్డులు తమ దగ్గర ఉండవంది. నా బిల్లు తీసి చూస్తే, దాని మీద "అండర్ ఐ ట్రీట్‌మెంట్" అన్న మూడు ముక్కలు తప్ప మరేమీ లేవు. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పినదాన్ని, లేబుల్ లేని సీసాను పిల్లల చేత ముట్టనివ్వనిదాన్ని, నా ముఖంలోకి ఎక్కించినదాని పేరు అడగలేదన్న సంగతి అక్కడే, అందరి ముందూ తెలిసివచ్చింది. ఆ అమ్మాయి మీద వచ్చిన కోపంలో సగం నా మీదిదే.

పేరు ఎందుకు కావాలంటే, హైలురోనిక్ ఆమ్లంతో చేసిన ఫిల్లర్‌ను హైలురోనిడేజ్ అనే ఎంజైముతో కరిగించవచ్చు. కాల్షియంతో చేసినవాటి మీద, పీఎంఎంఏ అనే ప్లాస్టిక్ పూసలున్నవాటి మీద ఆ ఎంజైము పనిచేయదు. చర్మంలో సహజంగా ఉండే హైలురోనిక్ ఆమ్లం ఒకటి రెండు రోజుల్లోనే విరిగిపోతుంది, కొత్తది తయారవుతుంది. ఫిల్లర్‌లో మాత్రం ఆ పొడవాటి గొలుసులను బీడీడీఈ వంటి రసాయనంతో అడ్డంగా ముడివేస్తారు. రబ్బరును గంధకంతో గట్టిపరచడం గురించి ఇంటర్ పిల్లలకు నేను ఏటా చెప్పిన పాఠం లాంటిదే ఇదీ. ముడులు పడ్డాక శరీరంలోని ఎంజైములకు అది తొందరగా లొంగదు. పైగా నీటిని పట్టి ఉంచడం దాని స్వభావం కనుక, కళ్ళ కింది పలుచటి చర్మంలో ఏళ్ళ తరబడి ఉబ్బుతూనే ఉండగలదు. చర్మానికి మరీ దగ్గరగా పడితే, వెలుగు చెదరడం వల్ల ఆ నీలి ఛాయ వస్తుంది. పాలలో నీళ్ళు కలిపి టార్చి వేసి చూపించే టిండాల్ ప్రయోగం నా ముఖం మీదే జరుగుతోందని నాకు తట్టకపోవడం మరో సిగ్గు.

తర్వాతిదంతా తేలికగానే గడిచింది. మరో చర్మవైద్యురాలు అల్ట్రాసౌండ్‌లో చూసి, నల్లటి మడుగుల్లా కనిపిస్తున్నది హైలురోనిక్ రకమేనని చెప్పారు. కరిగించే ఎంజైము నా ఒంటికి పడుతుందో లేదో తెలుసుకోవడానికి, తేనెటీగ కుడితే ఎప్పుడైనా ఒళ్ళు పొంగిందా అని అడిగారు, ముంజేతి మీద దాని చుక్క వేసి అరగంట కూర్చోబెట్టారు, ఆ తర్వాతే సూది వేశారు. మంట పుట్టింది, మర్నాడు కళ్ళు బాగా వాచాయి, మూడో రోజుకు తగ్గాయి. పదిహేను రోజుల తర్వాత ఇంకో సిట్టింగ్ పట్టింది. పాత గుంటలు తిరిగొచ్చాయి, వాటితో నాకు పేచీ లేదు.

ఫిల్లర్ డబ్బాలో బ్యాచ్ నంబరుతో ఒక స్టిక్కరు ఉంటుందట. వేయించుకోదలచినవారు దాన్ని అడిగి తీసుకున్నాకే డబ్బు కట్టండి. వేసిన వెంటనే చర్మం తెల్లగా పాలిపోయినా, నొప్పి భరించలేకపోయినా, చూపు మసకబారినా ఇంటికి వెళ్ళకండి. రక్తనాళం మూసుకుపోయి ఉండవచ్చు, చూపు పోయే ప్రమాదం ఉంది. డాక్టరుకూ మనకూ మధ్య కౌన్సెలర్ కూర్చున్న చోటికి మాత్రం నేనిక వెళ్ళను.

పెళ్ళిళ్ళ సీజను రాయితీ ఉందని ఆ పాత క్లినిక్ నుంచి నిన్న నా ఫోనుకు సందేశం వచ్చింది. రికార్డులు లేవన్నారు గాని, నా నంబరు మాత్రం ఉంచుకున్నారు.