ఆర్చ్ నుంచి నడినెత్తి దాకా: పక్షవాతం స్కాన్‌లో నా అనుభవం

పక్షవాతంతో వచ్చిన మనిషి సీటీ బల్ల మీద ఉండాల్సింది పది నిమిషాలు. ముందు ప్లెయిన్ సీటీ, వెంటనే కాంట్రాస్ట్ అనే మందు ఎక్కించి మెడ, తల కలిపి రక్తనాళాలు చూసే యాంజియో, అంతే. మెషీన్ తిరిగేది లెక్కేస్తే నిమిషం కూడా కాదు. మిగతా టైమంతా తినేవి సూది, నగలు, తల నిలబెట్టడం. అందుకే నా లెక్కలో స్ట్రోక్ ఇమేజింగ్ క్యాన్యులా (సిరలో పెట్టే సన్నని గొట్టం) దగ్గరే మొదలవుతుంది.

క్యాజువాలిటీ నుంచి చాలామంది అరచేతి వెనక నీలం క్యాన్యులాతో వస్తారు. అది 22 గేజ్, సన్నది. సెలైన్ ఎక్కించడానికి బాగానే ఉంటుంది, సెకనుకు 4-5 మి.లీ. వేగానికి తట్టుకోదు. కుడి మోచేతి మడతలో పచ్చది, అంటే 18 గేజ్ కావాలి. సిర దొరక్కపోతే గులాబీది, 20 గేజ్. కుడి చేయే ఎందుకంటే, ఎడమ చేతిలో ఎక్కించిన కాంట్రాస్ట్ ఛాతీలో ఆర్చ్‌కు (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని వంపుకు) ముందువైపున అడ్డంగా వచ్చే సిరలోంచి గుండెకు చేరాలి. అక్కడ అది ఎంత చిక్కగా ఉంటుందంటే, దాని చుట్టూ గీతలు పడి ఆర్చ్ నుంచి బయల్దేరే రక్తనాళాల మొదళ్లు కనిపించవు. కొందరిలో మెడ సిరల్లోకి ఎదురు తన్ని, మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్‌ను కూడా కప్పేస్తుంది.

కుడి చేయి పడిపోయినవాళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. వాళ్లలో చాలామందికి మాట కూడా పడిపోయి ఉంటుంది. కాంట్రాస్ట్ సిర బయటికి పోయి చేయి ఉబ్బుతున్నా నొప్పి తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పలేరు. అందుకని అసలు ఇంజెక్షన్‌కు ముందు అదే వేగంతో 20 మి.లీ. సెలైన్ పంపి, క్యాన్యులా కొసకు కాస్త పైన వేలు పెట్టి చూస్తాను. సిరలో జలజల పారుతున్నట్టు తెలిస్తే సరే, వేలికింద చర్మం చల్లగా గట్టిపడితే ఆపేయడమే.

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు కోసం యాంజియో ఆపను. డయాలసిస్‌లో ఉన్నారా, కాంట్రాస్ట్ పడక గతంలో ఇబ్బందయిందా అన్న రెండు ప్రశ్నలు ఇంటివాళ్లను అడిగితే అప్పటికి సరిపోతుంది. షుగర్ మాత్రం గ్లూకోమీటర్‌తో చూసి తీరాలి. షుగర్ బాగా పడిపోయినా ఒకపక్క చేయీ కాలూ పడిపోవచ్చు.

ఇక నగలు. కమ్మలు, జడపిన్నులు, కట్టుడు పళ్లు, మెడలో గొలుసులు తీయాలి. పుస్తెలతాడు దగ్గర ఇంటివాళ్లు తటపటాయిస్తారు. "అమ్మా, రెండు నిమిషాలు మీ చేతిలో పెట్టుకోండి, స్కాన్ అవగానే మీరే వేద్దురుగాని" అంటే ఎవరూ కాదనరు. ముక్కుపుడక రాకపోతే దానితో కుస్తీ పట్టను. దాని గీతలు ముఖం మీదే పడతాయి, నాకు కావాల్సిన చోట కాదు.

తల వంకర చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చదివేటప్పుడు తెలుస్తుంది దాని సంగతి. మెదడు ఎంత పాడైందో చెప్పే ఆస్పెక్ట్స్ స్కోరుకు, మెదడులోని పెద్ద ధమని అయిన మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ పరిధిని పది భాగాలు చేసి, పాడైన ప్రతి భాగానికీ ఒక మార్కు తీసేస్తాం. అది రెండు పక్కలనూ పోల్చి చూసే పని. తల ఒక పక్కకు ఒరిగితే ఒకే స్లైసులో కుడివైపు మెదడు లోతట్టు భాగమైన బేసల్ గాంగ్లియా, ఎడమవైపు దాని పై మట్టం పడతాయి. లేని తేడా ఉన్నట్టూ, ఉన్నది లేనట్టూ కనిపిస్తుంది. చుబుకానికీ నుదుటికీ పట్టీ వేసి నిలబెట్టాలి. అయినా ఒరిగితే సన్న స్లైసుల నుంచి బొమ్మను తిన్నగా మళ్లీ కట్టుకుని (రీఫార్మాట్ చేసుకుని) అప్పుడు మార్కులేయాలి. తెరమీద బూడిదరంగు తేడాలను సర్దే విండో వెడల్పు, లెవెల్ రెండూ 35 దగ్గర పెడితే, మెదడు లోపలి భాగాలైన ఇన్సులా అంచు చెరిగిపోవడం, లెంటిఫార్మ్ మసకబారడం పట్టుబడతాయి. మామూలు 80 వెడల్పు విండోలో చూస్తే తొలి గంటల మార్పు దాటిపోతుంది. గడ్డను వెతకడానికి మాత్రం 1 మి.మీ. స్లైసులే తెరవాలి. 5 మి.మీ. స్లైసులో చిన్న గడ్డ పక్కనున్న ద్రవంతో కలిసి కరిగిపోతుంది. గడ్డ పడిన ఆర్టరీ ప్లెయిన్‌లో తెల్లగా కనిపిస్తుంది గానీ, తెల్లగా ఉందని వెంటనే గడ్డ అనేయకూడదు, రెండు పక్కలూ తెల్లగా ఉంటే రక్తం చిక్కదనం వల్లేమో చూడాలి.

ప్లెయిన్‌లో రక్తస్రావం లేదని తేలగానే అదే బల్ల మీద యాంజియో. ఆర్చ్ నుంచి నడినెత్తి దాకా, కింద నుంచి పైకి. మి.లీ.కు 350 మి.గ్రా. అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ 60-70 మి.లీ., వెనకే సెలైన్ 40 మి.లీ. ఆర్చ్ మీద గుర్తు పెట్టి, సాంద్రత 100 యూనిట్లు దాటగానే మెషీన్ బయల్దేరేలా పెడతాం. పంపు నీరసించిన గుండెలో, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం) ఉన్నవాళ్లలో ఈ లెక్క తప్పుతుంది. ఆర్చ్‌కు చేరిన కాంట్రాస్ట్ మెదడుకు చేరేసరికి ఆలస్యమవుతుంది, మెషీనేమో దాన్ని దాటి ముందే నడినెత్తికి వెళ్లిపోతుంది. అందుకే మల్టీఫేజ్ నాకు తప్పనిసరి. మొదటి రౌండు తర్వాత ఎనిమిదేసి సెకన్ల తేడాతో పుర్రె అడుగు నుంచి పైకి ఇంకో రెండుసార్లు. కాంట్రాస్ట్ అదనంగా అక్కర్లేదు.

ఆ రెండు రౌండ్లు తేల్చేది ఎలాంటిదో ఒకటి చెప్పాలి. మొదటి ఫేజ్‌లో ఇంటర్నల్ కెరోటిడ్ మొదట్లో బాగానే నిండి, మెడలో పైకి పోతున్నకొద్దీ కొవ్వొత్తి మంటలా సన్నగిల్లి మాయమవుతుంది. చూడగానే మెడలోనే పూర్తిగా మూసుకుపోయిందని రాసేయాలనిపిస్తుంది. చాలాసార్లు అసలు గడ్డ పైన, పుర్రె లోపల కెరోటిడ్ రెండుగా చీలేచోట ఉంటుంది. దారి మూసుకుపోవడంతో కింది రక్తం కదలక నిలబడిపోయి, కాంట్రాస్ట్ పైదాకా చేరదు. తర్వాతి ఫేజ్‌లో పుర్రె అడుగున ఆ నాళం మెల్లగా నిండుతూ కనిపిస్తే మెడ భాగం తెరిచే ఉందన్నమాట. ఇది తప్పు రాస్తే ఇంటర్వెన్షన్ చేసేవాళ్లు (నాళంలోంచి సన్నని గొట్టం పంపి గడ్డ తీసే డాక్టర్లు) స్టెంట్‌కు సిద్ధపడి వస్తారు. మెడ గురించి ఇంకొకటి. కెరోటిడ్ బల్బ్ వెనక గోడ నుంచి అలమర అరలా పొడుచుకొచ్చే పల్చని పొరను పక్కనుంచి తీసిన రీఫార్మాట్‌లోనే పట్టగలం. వయసు చిన్నది, ఇతర కారణమేదీ లేదు అన్నప్పుడు దానికోసం ప్రత్యేకంగా వెతకాలి.

మెదడులో రక్తం ఎక్కడ ఎంత పారుతోందో చూపే పర్ఫ్యూజన్ రంగుల బొమ్మల మీద నాకున్న మోజు గత నాలుగైదేళ్లలో తగ్గింది. 2018లో వచ్చిన డిఫ్యూజ్ 3 ట్రయల్ 6 నుంచి 16 గంటల మధ్య వచ్చినవాళ్లలో గడ్డ ఎవరికి తీయాలో ఎంచడానికి దారి చూపింది. చచ్చిన భాగం 70 మి.లీ. లోపు, రక్తం చాలని మొత్తం భాగానికీ చచ్చిన భాగానికీ నిష్పత్తి 1.8 లేదా ఎక్కువ అన్నది దాని కొలత. ఆ సంఖ్యల వెనక ఎన్ని తప్పులు దూరగలవో చేసేవాళ్లకు తెలుసు. రోగి కదిలితే, ఎంచుకున్న ధమని వంపు (కాంట్రాస్ట్ వచ్చిపోవడాన్ని గీసిన గ్రాఫ్) సరిగా లేకపోతే, 60 సెకన్ల లోపే స్కాన్ ఆపేస్తే సాఫ్ట్‌వేర్ ఏదో ఒక అంకె ఇచ్చేస్తుంది. మొదటి గంటల్లోనే వచ్చినవాళ్లలో అది చచ్చిందని చూపిన భాగం ఆర్టరీ తెరుచుకున్నాక బతికి బయటపడడమూ ఉంది. అంకె చూసే ముందు ధమని, సిర వంపులు రెండూ పూర్తిగా లేచి దిగాయా అని చూడడం నాకు అలవాటు.

ఈలోగా 2022లో జపాన్ నుంచి రెస్క్యూ-జపాన్ లిమిట్, 2023లో సెలెక్ట్ 2, చైనా నుంచి ఏంజెల్-ఆస్పెక్ట్, ఐరోపా, కెనడాల నుంచి టెన్షన్ అనే ట్రయల్స్ వచ్చాయి. ఆస్పెక్ట్స్ 3 నుంచి 5 ఉన్నవాళ్లలో కూడా గడ్డ తీస్తే మేలేనని చూపాయి. జపాన్ ట్రయల్‌లో 90 రోజులకు కనీసం తమంతట తాము నడవగలిగే స్థితికి చేరినవాళ్లు గడ్డ తీసిన గుంపులో 31 శాతం, మందులతోనే ఉన్న గుంపులో 12.7 శాతం. టెన్షన్‌లో ఎంపిక ఎక్కువగా ప్లెయిన్ సీటీతోనే జరిగింది. నెదర్లాండ్స్ ఎంఆర్ క్లీన్-లేట్ 6 నుంచి 24 గంటల్లో వచ్చినవాళ్లను యాంజియోలో పక్కదారి రక్తప్రసారం చూసి ఎంచుకుంది. అంటే నాలుగు సెంటీమీటర్ల డిటెక్టర్ ఉండి, పర్ఫ్యూజన్‌లో మెదడంతా ఒకేసారి పట్టని మామూలు 64 స్లైస్ మెషీన్ కూడా ఈ నిర్ణయాలకు సరిపోతుంది. జిల్లా కేంద్రాల్లో పనిచేసేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

అయితే కనిపించిన ప్రతి గడ్డకూ ఉరకక్కర్లేదు. 2025లో వచ్చిన డిస్టల్, ఎస్కేప్-మెవో ట్రయల్స్ మధ్యరకం నాళాల్లో గడ్డ తీయడం వల్ల మొత్తంమీద ప్రయోజనం చూపలేదు. అందుకే "ఎం2 (మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ చీలాక వచ్చే కొమ్మ) మూసుకుంది" అని ఊరుకోకుండా, అది పెద్ద కొమ్మా చిన్న కొమ్మా, మొదట్లోనా చివర్లోనా అన్నది రాస్తాను.

రిపోర్టు టైపు చేయడానికి ముందే ఫోన్ చేస్తాను. చెప్పే వరస ఎప్పుడూ ఒకటే: రక్తస్రావం లేదు, ఆస్పెక్ట్స్ ఇంత, గడ్డ ఫలానా చోట, పక్కదారి రక్తం బాగుందా లేదా, ఆర్చ్‌లో కెరోటిడ్ ఏ వంకర తిరిగి లేచింది. ఈ చివరిది అడగరు గానీ, తొడ నుంచి వెళ్లాలా మణికట్టు నుంచా అని వాళ్లు తేల్చుకునేది దాంతోనే. అందుకే స్కాన్ మెడ దగ్గర మొదలుపెడతామంటే నేను ఒప్పుకోను.