రైల్లో ఘటోత్కచుడు, బ్రోమో అంచున వినాయకుడు

ఏ ట్రావెల్ ఏజెంటును అడిగినా చేతిలో ఒకటే కాగితం పెట్టారు. ఒక రోజు కల్చర్, ఒక రోజు అడ్వెంచర్, ఒక రోజు షాపింగ్. కల్చర్ అంటే గుడి ముందు ఫొటో, సాయంత్రం ఓ డాన్సు. అడ్వెంచర్ అంటే లోయ మీద ఊయల, అరగంట రాఫ్టింగ్. థాయ్‌లాండ్ అన్నా, బాలి అన్నా, వియత్నాం అన్నా ఊళ్ల పేర్లు మారుతున్నాయి తప్ప కాగితం మారడం లేదు. చూసి చూసి నాకు విసుగొచ్చింది.

మా ఇంట్లోనూ రెండు పార్టీలే. మా ఆయనకు శిల్పాలు, శాసనాలు కావాలి. మా తమ్ముడికి కొండలు, చీకట్లో నడకలు కావాలి. మే సెలవులకు ముగ్గురం కలిసి వెళ్దామనుకుంటే ఈయన అంగ్కోర్ వాట్ అన్నారు, వాడు లొంబోక్‌లో రింజాని ఎక్కుదామన్నాడు. ఆఖరికి నేనే మ్యాపు ముందేసుకుని ఇండోనేషియాలోని జావా దీవి అన్నాను. యోగ్యకర్త ఊరి పక్కనే బోరోబుదూర్ బౌద్ధ కట్టడం, ప్రంబనాన్ గుళ్లు ఉన్నాయి. అక్కడ తూర్పు వైపు రైలెక్కితే దారిలో బ్రోమో, చివర ఇజెన్. రెండూ ఇప్పటికీ పొగలు కక్కే అగ్నిపర్వతాలు. పడవ దాటితే బాలి, తిరుగు ఫ్లైటు అక్కడ్నుంచి. పైగా మనం ఎండకు మాడిపోయే మే నెలలోనే జావాలో వానలు తగ్గి కొండలెక్కే కాలం మొదలవుతుంది.

ఎయిర్‌పోర్టులో దిగగానే వీసాకు మనిషికి 5,00,000 రుపియా కట్టాం. అంకె చూసి గుండె జారుతుంది గానీ మన డబ్బుల్లో రెండున్నర వేల పైచిలుకు. అసలు దెబ్బ బోరోబుదూర్‌లో తగిలింది. కింద తిరిగి రావడానికి ఒక టికెట్, కట్టడం మీదికి ఎక్కడానికి ఇంకో టికెట్. ఎక్కే టికెట్ విదేశీయులకు 4,55,000 రుపియా, అంటే దాదాపు రెండు వేల నాలుగొందలు. వాళ్ల దేశస్థులకు అందులో మూడో వంతు కూడా లేదు. కౌంటర్ దగ్గర నేను గొణుగుతుంటే, గోల్కొండలో మనకు 25, విదేశీయులకు 300 అని రాసిన బోర్డు గుర్తుచేశారు మా ఆయన. ఇక ఏమీ అనలేకపోయాను. మేం వెళ్లినప్పుడు రోజుకు 1,200 మందినే పైకి పంపేవారు, అదీ గైడు వెంట, ఇచ్చిన టైములోనే. రాళ్లు అరిగిపోకుండా మన చెప్పులు విప్పించి, మొగలి జాతి ఆకుతో అల్లిన చెప్పులు ఇస్తారు. అవి మనమే ఉంచుకోవచ్చు. ఈ ఏర్పాటు మాత్రం నాకు బాగా నచ్చింది. హంపీలో శిల్పాల మీదికెక్కి ఫొటోలు దిగే వాళ్లను చూసి ఎన్నిసార్లు మనసు చివుక్కుమందో.

నచ్చనిది గైడు తొందర. పైన ఉన్న 72 స్తూపాల దగ్గర ఫొటోలు తీయించడమే పని అన్నట్టు మమ్మల్ని తరిమాడు. మా ఆయన మాత్రం కింది వరండాలో ఒక ఫలకం దగ్గర ఆగిపోయారు. అలల మీద ఊగుతున్న ఓడ, దానికి పక్కల కట్టిన దుంగలు, తాళ్లు లాగుతున్న మనుషులు. తొమ్మిదో శతాబ్దం నాటికి పూర్తయిన కట్టడం అది. ఆ బొమ్మను చూసే ఓడ తయారుచేసి 2003లో జకార్తా నుంచి బయల్దేరి ఆఫ్రికాలోని ఘనా దాకా వెళ్లారు. ఆ ఓడను ఇప్పుడు బోరోబుదూర్‌లోనే మ్యూజియంలో పెట్టారు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద కూడా ఓడ ఉంటుంది కదా, మా ఆయన ఆ నాణెం ఫొటో ఫోన్లో తీసి ఫలకం పక్కన పట్టుకుని చూశారు. మన ఓడకు పక్క దుంగలు లేవు, రెండు తెరచాప కొయ్యలు మాత్రం ఉన్నాయి. అలా ఎంతసేపైనా నిలబడేవారే, గైడు చప్పట్లు కొట్టి పిలిచాడు.

ప్రంబనాన్‌లో ఆ తొందర లేదు. 47 మీటర్ల ఎత్తు శివాలయం, అటూ ఇటూ బ్రహ్మ, విష్ణువుల గుళ్లు. ఒకప్పుడు మొత్తం కలిపి 240 గుళ్లు ఉండేవి, ఇప్పుడు చాలావరకు రాళ్ల కుప్పలే. 2006 భూకంపం మళ్లీ కొన్నిటిని కదిలించింది. శివాలయం చుట్టూ పిట్టగోడ లోపలి వైపు రామాయణం చెక్కారు. మనం ప్రదక్షిణ చేసినట్టే తిరుగుతుంటే కథ నడుస్తుంది. సీతాపహరణం దగ్గర మా ముగ్గురికీ కాలు ఆగిపోయింది. రావణుడి పట్టులో ఉన్న సీత చెయ్యి చాపి, జటాయువుకు ఉంగరం ఇస్తోంది. ప్రాణం పోయేముందు అతనే దాన్ని రాముడికి చేరుస్తాడట. లేపాక్షిలో జటాయువు పడ్డ చోటు ఇదేనని చూపిస్తే విని పెరిగిన వాళ్లం, ఈ ఉంగరం సంగతి మాకు కొత్త. వారధి దగ్గర ఇంకో వింత. రాళ్లను నోట కరుచుకున్న చేపలు! మా తమ్ముడు, వచ్చేటప్పుడు "గుళ్లేగా అక్కా, గంటలో అయిపోతాయి" అన్నవాడు, ఎండలో గోడ వెంట మళ్లీ మొదటి నుంచి తిరిగాడు.

యోగ్యకర్తలో మిగతా రోజుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, గుడెగ్ తప్ప. లేత పనసకాయను కొబ్బరిపాలు, బెల్లంతో గంటల తరబడి ఉడికిస్తారు. చూస్తే మన గోదావరి జిల్లాల పెళ్లిళ్ల పనసపొట్టు కూర మళ్లీ పొయ్యిమీద మర్చిపోయినట్టు గోధుమరంగులో ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే తీపి! ఆవపెట్టిన ఘాటు కోసం నాలుక వెతుక్కుంది. పక్కన ఎర్రగా వడ్డించేది పశువుల తోలుతో చేసేది, తినని వాళ్లు ముందే చెప్పాలి. శాకాహారులకు అక్కడ టెంపే ఉంది, సోయా గింజలు పులియబెట్టి గట్టి బిళ్లలా చేసేది. అది పుట్టింది జావాలోనే. వేయించి ఇస్తే ప్లేట్లకు ప్లేట్లు తిన్నాం.

ఇక రైలు. ఈ యాత్రలో నాకు ఏది మిగిలిందని అడిగితే నేను రైలనే చెప్తాను.

లెంపుయాంగన్ స్టేషన్లో పొద్దున్నే ఎక్కే ఎకానమీ రైలు అది. లక్ష రుపియా లోపే టికెట్, అంటే ఐదొందలు. ఎదురెదురు సీట్లు, మోకాళ్లు మోకాళ్లకు తగులుతాయి. ప్రోబోలింగో చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. మా ఎదురుగా నల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయన, ఆయన మనవరాలు. అమ్మాయి కాలేజీలో చదువుతోంది, ఇంగ్లీషు బాగానే వచ్చు. సలాక్ పళ్ల సంచి తెరిచి మా ఒళ్లో తలా నాలుగు పోశారు. పాము చర్మంలాంటి తొక్క, ఎక్కడ చింపాలో తెలియక నేను తిప్పలు పడుతుంటే పెద్దాయన కొన గిల్లి చూపించారు. ఏ ఊరు, పిల్లలెందరు అనే మాటలన్నీ అయ్యాక, మీ దేశంలో ఘటోత్కచుడు తెలుసా అని అడిగారు.

తెలియకేం! మనకు ఘటోత్కచుడంటే పెళ్లివారి భోజనమంతా ఒక్కడే లాగించేసే మాయలమారి, నవ్వుల మేనబావ. నేను చేతులతో లడ్డూలు మింగడం చూపించాను. పెద్దాయన మొహం మారిపోయింది. మనవరాలితో ఏదో గబగబా అన్నారు. వాళ్ల ఘటోత్కచుడు ఆకాశంలో ఎగిరే వీరుడట, ఇనుప ఎముకలట. ఇండోనేషియా 1995లో సొంతంగా తయారుచేసి ఎగరేసిన విమానానికి ఆయన పేరే పెట్టారని అమ్మాయి చెప్పింది. తర్వాత కథ పెద్దాయనే చెప్పారు, ఒక్కో వాక్యం ఆగి, అమ్మాయి మాకు చెప్పేదాకా కాచుకుని.

ఘటోత్కచుడు పుట్టినప్పుడు ఏ కత్తికీ బొడ్డు తెగలేదు. చివరికి కర్ణుడి శక్తి ఆయుధం ఒర దొరికింది, దానితో కోశారు. కోయగానే ఒర బిడ్డ బొడ్డులోకి వెళ్లిపోయి అక్కడే కలిసిపోయింది. పెద్దయ్యాక కురుక్షేత్రంలో కర్ణుడు ఆ ఆయుధం విసిరాడు. ఎంత పైకి ఎగిరినా అది వెంటపడింది. ఇక్కడ పెద్దాయన చొక్కా జేబులోంచి పెన్ను తీసి, మూత తన పొట్టకు ఆనించుకుని, పెన్నును గాల్లో తిప్పి తిప్పి తెచ్చి ఆ మూతలో టక్కున పెట్టారు. "ఇంటికొచ్చేసింది" అని అమ్మాయి చెప్పింది. మా బోగీలో అటు పక్క సీట్ల వాళ్లు కూడా వింటున్నారు. నాకు కళ్లు చెమర్చాయి, ఎందుకని అడిగితే చెప్పలేను.

ద్రౌపది ధర్మరాజు ఒక్కడికే భార్య అని కూడా అన్నారు. మా ఆయన ఊరుకోలేక వాదన వేసుకున్నారు. అయిదుగురు అనగానే చుట్టుపక్కల ఆడవాళ్లంతా తలలు అడ్డంగా ఊపారు. ఆ పెద్దాయన మధ్యలో కూర్చున్న చోటే నమాజు చేసుకుని, వెంటనే అర్జునుడి పెళ్లిళ్ల దగ్గర కథ మళ్లీ అందుకున్నారు. ఇదంతా తోలుబొమ్మలాటలో తెల్లవార్లూ చూసి నేర్చుకున్నదేనట. మన వైపు తోలుబొమ్మలాట ఆడే ఊళ్లు ఎన్ని మిగిలాయో తలచుకుంటే కడుపు తరుక్కుపోయింది.

ప్రోబోలింగోలో దిగగానే ఆ సంతోషం కాస్తా పోయింది. స్టేషన్ బయట టూరిస్టు సమాచారం అని బోర్డు పెట్టిన ఒక కొట్టువాడు, పైకి వెళ్లే వ్యాన్లు ఇక లేవు, జీపు కట్టించుకోవాల్సిందేనని చెప్పాడు. అబద్ధం. ఊరి బస్టాండుకు వెళ్లి చూస్తే వ్యాన్లు నిలబడే ఉన్నాయి. కాకపోతే నిండితే గానీ కదలవు. రెండు గంటలు కూర్చుని, చీకటి పడుతోందని ఖాళీ సీట్లకు కూడా అందరం కలిసి డబ్బులు వేసుకుని బయల్దేరాం. బ్రోమో పక్కన కొండ మీది ఊరు చెమోరో లవాంగ్ చేరేసరికి చలి, మన మే నెల ఒంటికి అది అసలు తగదు.

తెల్లవారుజామున జీపుల బారు హారన్లు కొట్టుకుంటూ సూర్యోదయం చూసే కొండకు పోతుంటే, మేం టార్చి వేసుకుని ఎదురుదారిలో ఇసుక సముద్రంలోకి దిగాం. బూడిద ఇసుక, కాలు వేస్తే మడమ దాకా దిగబడుతుంది. పార్క్ ప్రవేశానికి రెండున్నర లక్షల రుపియా దాకా పోయింది, ఇక్కడా విదేశీ రేటే. ఇసుక మధ్యలో తెంగ్గర్ వాళ్ల గుడి ఉంది. జావాలో ఇస్లాం విస్తరించినా హిందువులుగా మిగిలిన కొండ జనం వాళ్లు. అక్కడ్నుంచి రెండొందల పైచిలుకు మెట్లు ఎక్కితే బ్రోమో నోరు. కిందనుంచి ఆగకుండా హోరు, ముక్కు మండే గంధకం వాసన. ఆ అంచున, రెయిలింగు పక్కన, రాతి వినాయకుడు! ఒళ్లో పూలు, ముందు ఆరిపోయిన అగరొత్తులు.

మా తమ్ముడు అడ్వెంచర్ కోసం వచ్చినవాడు కదా. షూ లేసులు విప్పి, ఆ బూడిదలో వట్టికాళ్లతో నిలబడి గుంజీలు తీశాడు. ఎండుపూల గుత్తులు అమ్మే ఆవిడ వాణ్ణి చూసి, ఏమీ అడక్కుండా ఒక గుత్తి చేతిలో పెట్టింది. బ్రోమో నోట్లోకి వేయమని సైగ చేసింది. కసాడా పండగకు తెంగ్గర్ జనం కూరగాయలు, కోళ్లు, మేకలు కూడా తెచ్చి ఇందులో వేస్తారు. సంతానం ఇచ్చిన కొండకు చిన్నకొడుకును ఇవ్వాల్సి వచ్చిన ఓ రాజదంపతుల కథ దానికి మూలం. లోపలి వాలులో వలలు పట్టుకుని నిలబడి, పడేవాటిని అందుకునే వాళ్లూ ఉంటారు. ఇది ఏజెంటు కాగితంలో ఏ రోజు కిందకి వస్తుందో నాకు తెలియలేదు.

ఇజెన్‌లో అయితే నాకు కోపమే వచ్చింది. డాక్టరు సర్టిఫికెట్, మాస్కు, గైడు, అన్నీ అయ్యాక రాత్రి రెండింటికి గేటు తీశారు. మూడు కిలోమీటర్లు ఎక్కి, రాళ్లలో పడుతూ లేస్తూ నోట్లోకి దిగితే నీలం మంటలు. అది లావా కాదు, భూమి చీలికల్లోంచి వచ్చే గంధకం ఆవిరి గాలి తగిలి అంటుకోవడం. పొగ మా వైపు తిరిగినప్పుడల్లా దగ్గుతో కళ్లు కనపడలేదు. ఆ పొగలోనే మనుషులు పనిచేస్తున్నారు. గొట్టాల్లోంచి ఎర్రగా కారే గంధకం చల్లారి పసుపు పచ్చగా గట్టిపడితే, గడ్డపారతో పగలగొట్టి రెండు వెదురుబుట్టల్లో నింపి, కావడి వేసుకుని పైకి మోస్తారు. డెబ్బై, ఎనభై కిలోలు. దారిలో ఒకతను దించుకుని ఊపిరి పీల్చుకుంటుంటే, అడిగి కావడి ఎత్తబోయాను. బుట్టలు నేల వదల్లేదు. అతని భుజం మీద కావడి ఆనే చోట మాంసం ముద్దకట్టి గుడ్లంత ఎత్తు లేచింది. కిలోకి వెయ్యి రుపియా చిల్లర. అంటే బోరోబుదూర్‌లో నేను గొణుగుతూ కొన్న ఒక్క టికెట్ ఇతనికి ఐదు మోతలు. మన చక్కెర మిల్లుల్లో పంచదార తెల్లబడటానికి పట్టేది కూడా గంధకం పొగే.

పైన దారిలో కొందరు మోత మానేసి, గంధకం దించే తోపుడు బళ్ల మీదే టూరిస్టులను లాగుతున్నారు. "టాక్సీ, లంబోర్గిని" అని కేకలు. ఎక్కినవాళ్లను చూసి మొదట మొహం తిప్పుకున్నాను. బుట్ట మోసిన అతనే చెప్పాడు, బండి దొరికితే ఆ రోజు కిందకి దిగక్కర్లేదని, ఊపిరితిత్తులకు సెలవని. అందుకని దిగేటప్పుడు మా ఆయన మోకాలి నొప్పి వంకతో అతని తమ్ముడి బండి మాట్లాడాం. బేరం చేయలేదు.

కెతాపాంగ్‌లో పడవెక్కి బాలిలో దిగితే గడియారం ఒక గంట ముందుకు తిప్పాలి. బాలిలో ఉన్నాం, తిన్నాం, బీచికి వెళ్లాం, వచ్చేశాం.

ఇప్పుడు ఇంట్లో వచ్చే ఏటి గొడవ. ఈయన మి సన్ చంపా గుళ్లంటున్నారు, వాడు ఫాంగ్ న్యా గుహలంటున్నాడు. వియత్నాం మ్యాపు తీసి చూస్తే ఒకటి దా నాంగ్‌కు, ఇంకోటి దోంగ్ హోయ్‌కు దగ్గర, రెండు ఊళ్లూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. ఎదురెదురు సీట్లున్న బోగీ ఏదో కనుక్కుంటున్నాను.