నగరి ముక్కు దగ్గర అరగంట

చెన్నై నుంచి తిరుపతికి ఎన్నిసార్లు వచ్చానో లెక్కలేదు. వచ్చినప్పుడల్లా తిరుత్తణి దాటగానే నిద్రపోవడం అలవాటు. ఈసారి అమ్మ పడుకోనివ్వలేదు. నగరి పొలిమేరలోనే "ముక్కు వస్తుంది, లే" అని భుజం తట్టింది. ఒక వైపు నుంచి చూస్తే ముక్కులా కనిపించే అక్కడి కొండనే నగరి ముక్కు అంటారు. దారిలో అరగంట ఆగినందుకు డ్రైవరు 150 రూపాయలు అదనంగా అడిగాడు. ఒళ్లు మండింది, అయినా ఆపమన్నాను.

మరమగ్గాల చప్పుడు వెనకబడ్డాక రోడ్డు పక్కన కొబ్బరిబోండాల బండి కనిపించింది. బోండాం 60 రూపాయలు! కొట్టిచ్చిన ముసలాయన, "ఇక్కడి నుంచి కనబడదమ్మా, ఆ కరెంటు స్తంభం దాకా నడవండి" అని చేతిలోని కత్తితోనే చూపించాడు. నలభై అడుగులు వేశామేమో, అంతవరకూ మామూలు కొండవరుసగా ఉన్నది కాస్తా ముఖమైపోయింది. నుదురులా సాగిన గట్టు, దాని చివర ఉలితో చెక్కినట్టు తెగిన బండ, దాని కింద పెదవుల్లా నీడ. మరో పది అడుగులు వేస్తే మళ్లీ ఉత్త కొండే. అమ్మ వెనక్కి నడిచి రెండోసారి చూసింది. చిన్నప్పుడు తాతయ్య బస్సు కిటికీలోంచి దీన్ని చూపించి, "ఓడలవాళ్లకు ఇదే గుర్తు" అనేవారట. నిజమే, 70 కిలోమీటర్లకు పైగా దూరంలోని సముద్రం మీది నుంచి నావికులు ఈ ముక్కును చూసి తీరాన్ని పోల్చుకునేవారు. అంతటి కొండ గురించి మా దారిలో ఒక్క బోర్డూ లేదు, నిలబడి చూడటానికి జాగా లేదు. నాకు చాలా బాధేసింది.

పుత్తూరులో ఆగలేదు. విజయవాడలో మా వీధి చివర కూడా 'పుత్తూరు కట్టు' బోర్డు ఉంది. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో విరిగిన ఎముకలకు కట్టు కట్టే అసలు ఊరు ఇదే. చేతికి కట్టుతో బస్సు కోసం నిలబడ్డ ఒక పిల్లవాడిని అమ్మ వెనక్కి తిరిగి చాలాసేపు చూసింది.

తిరుమలలో క్యూలూ గదుల కష్టాలూ అందరికీ తెలిసినవే. మర్నాడు ఘాట్ రోడ్డు దిగుతుంటే, కొండను కోసిన చోట రెండు రకాల రాళ్లు ఒకదానిమీద ఒకటి కనిపించాయి. కింద 210 కోట్ల ఏళ్లకు పైబడిన గ్రానైట్. దానిమీద 160 కోట్ల ఏళ్ల నాటి, పొరలు పొరలుగా ఉన్న రాయి. నడుమ గడిచిన 50 కోట్ల ఏళ్లకు అక్కడ ఆనవాలే లేదు. ఈ అతుకు జాతీయ స్థాయి భూవైజ్ఞానిక స్మారకం. అయినా ఘాట్‌లో బండి ఆపే వీల్లేదు, దక్కింది మూడు క్షణాలు. అమ్మకు అరచేతి మీద అరచేయి ఆనించి ఆ అతుకును వివరించాను. పై రాయిని శాస్త్రవేత్తలు 'నగరి క్వార్ట్‌జైట్' అంటారని చెప్పగానే ఆమె ముఖం వెలిగింది.

"అయితే ఆ ముక్కూ ఈ కొండా ఒకే రాయా?"

"ఒకే రాయమ్మా."

తిరుగు ప్రయాణంలో కొబ్బరిబోండాల బండి దగ్గర ఆపమని డ్రైవరుకు నాకన్నా ముందు ఆమే చెప్పింది.