డిండి కట్ట మీద రెండు పొద్దుపొడుపులు

ఫిబ్రవరి ఆఖరు. శ్రీశైలం రోడ్డున డిండి చేరేసరికి తెల్లవారుజామున ఐదు దాటింది. పొద్దుపొడుపు వేళ దూరపు రేడియో స్టేషన్లు ఎలా మాయమవుతాయో వినడానికి వచ్చాను. ఈ పని హైదరాబాదులో కుదరదు. ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్ల రొదలో దూరపు స్టేషన్లు మునిగిపోతాయి. ఇక్కడైనా బోరు మోటర్ల స్టార్టర్లకు ఎడంగానే కూర్చోవాలి. రేడియోకు సెల్లులే వాడాలి. పవర్ బ్యాంకు తగిలిస్తే అదే గుర్రుమంటుంది.

5:40కి కట్ట మీద ఇంకా చీకటే. 300 కిలోమీటర్ల పైన మాత్రం అప్పటికే తెల్లారింది. నేల ఒంపు వల్ల అంత ఎత్తున సూర్యుడు ముందే కనిపిస్తాడు. వంద కిలోమీటర్ల కిందుగా వచ్చే తీవ్ర అతినీలలోహిత కిరణాలను గాలి దారిలోనే తాగేస్తుంది కాబట్టి కొంత ఆలస్యమవుతుంది. అదంతా పోగా కూడా దాదాపు గంట తేడా ఉంటుంది.

ఆ కిరణాల్లో 30.4 నానోమీటర్ల హీలియం గీత (సూర్యుడి హీలియం వెలువరించే ఒకే తరంగదైర్ఘ్యపు వెలుగు) చాలా బలమైనది. దాని ఫోటాన్ శక్తి 40.8 ఎలక్ట్రాన్ వోల్టులు. ఆక్సిజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 13.6 చాలు. మిగతా 27 ఊడిన ఎలక్ట్రాన్‌తోనే పోతుంది. అది దారిలో ఇంకొన్ని అణువులను గుద్ది వాటి ఎలక్ట్రాన్లనూ ఊడగొడుతుంది, మిగిలిన శక్తిని అక్కడున్న నెమ్మది ఎలక్ట్రాన్లకు పంచుతుంది. రాత్రంతా తరిగిపోయి తెల్లారేసరికి ఆ నెమ్మది ఎలక్ట్రాన్లు కొద్దిగానే మిగులుతాయి. బంతిలో మంది తక్కువైతే విస్తట్లో ఎక్కువ పడ్డట్టే, ఒక్కోదానికి వాటా పెద్దది. 1994లో ఎగిరిన మన స్రాస్-సి2 ఉపగ్రహం 500 కిలోమీటర్ల ఎత్తున ఇదే కొలిచింది: రాత్రి 800 కెల్విన్ల లోపున్న ఎలక్ట్రాన్ల వేడి పొద్దుపొడుపు వేళ 3,500 దాకా లేచింది. పొద్దెక్కి మంది పెరిగేకొద్దీ మళ్లీ దిగింది.

ఈ వేడి రేడియోకు వినపడదు. రాత్రి దూరపు స్టేషన్ల తరంగాలను ఇలా ఎలక్ట్రాన్లున్న పై పొరలు (అయనోస్పియర్) కిందికి తిప్పి పంపుతాయి. వినపడేది, ఎండకు వాటి అడుగున ఇంకో పొర పుట్టి ఆ తరంగాలను మింగడం. ఆరు గంటలకు 936 కిలోహెర్ట్జ్ మీద తిరుచిరాపల్లి బాగానే పలికింది. రేడియో లోపల యాంటెన్నాగా ఉండే ఫెరైట్ కడ్డీని తూర్పు పడమరలుగా పెట్టాలి, అప్పుడే ఉత్తర దక్షిణాల స్టేషన్లు గట్టిగా వస్తాయి. చెన్నై 720తో మాత్రం తంటా. పక్కనే 738లో హైదరాబాద్ గొంతు పెద్దది. కడ్డీ తిప్పి దాన్ని అణచబోతే చెన్నై కూడా పోతుంది. ఇక్కణ్నుంచి రెండూ దాదాపు ఒకే గీత మీదున్నాయి.

6:40కి కట్టకు ఎండ తగిలింది. ఆ తర్వాత తిరుచిరాపల్లి అలలుగా తగ్గుతూ ఏడుంబావుకల్లా మాయమైంది. ఆ అడుగు పొరలో, 60–90 కిలోమీటర్ల ఎత్తున, నైట్రిక్ ఆక్సైడ్ నుంచి ఊడిన ఎలక్ట్రాన్లు రేడియో తరంగానికి ఊగుతూ, ఆ చిక్కటి గాలిలో అణువులను గుద్దుకుని దాని శక్తిని పోగొడతాయి. పౌనఃపున్యం పదింతలైతే ఈ నష్టం సుమారు వందో వంతు. తుమ్మచెట్టుకు ఏడు మీటర్ల వైరు కట్టి 10 మెగాహెర్ట్జ్‌కు మారితే, చైనా కాల సంకేతాల టిక్కులు ఎనిమిదింటికీ అందుతూనే ఉన్నాయి.