బస్తీలో ఆలుమగల తగువు: కమిటీలు కూర్చునే ముందు

మహబూబ్‌నగర్ బస్తీల్లోనైనా, నల్లగొండ పానగల్లులోనైనా, ఆలుమగల తగువు ఠాణా మెట్లెక్కే ముందు గుడి కమిటీ, మసీదు కమిటీ, చర్చి పెద్దలు, మహిళా సమాఖ్య వీళ్లలో ఎవరో ఒకరి దగ్గరికి వస్తది. వీళ్లకు తెలిసిన పద్ధతి ఒకటే, పంచాయితీ. ఇద్దరినీ ఎదురెదురుగా కూసోబెట్టుడు, తప్పెవరిదో తేల్చుడు, దండుగ వేసుడు. పదిమందిలో తలవంచిన మగాడు ఆ కోపాన్ని ఇంటికి పోయి ఎవరి మీద తీర్చుకుంటాడో అందరికీ ఎరుకే. తీర్పు చెప్పే కుర్చీ వదిలితే తప్ప కమిటీ ఏ కాపురాన్నీ నిలబెట్టలేదు.

ముందు మనుషులను చూసుకోవాలి. నలుగురు చాలు, అందులో ఇద్దరు ఆడవాళ్లు తప్పనిసరి. ఆ ఇంటికి అప్పిచ్చినవాళ్లు, చిట్టీ నడిపేవాళ్లు, అడ్వాన్సు ఇచ్చి పనికి తోలుకుపోయే గుంపు మేస్త్రీ, రేపు వార్డు ఎన్నికల్లో నిలబడేవాళ్లు వద్దు. పొదుపు సంఘం లీడరు విషయంలో మరీ జాగ్రత్త. ఆ ఇల్లాలి కిస్తీ ఆగితే భారం సంఘం మీద పడుతుంది కాబట్టి, తెలియకుండానే ‘సర్దుకుపో’ అనే మాట ముందు వస్తుంది.

పిలిచే పద్ధతి కూడా ముఖ్యమే. ఆడవాళ్లు సంఘం మాటకు వస్తారు. మగవాళ్లు సంఘం పేరు వింటేనే రారు, పూజారో ఇమాంసాబో పాస్టరో ఒకసారి ఇంటికొచ్చి పిలిస్తే వస్తారు. మత పెద్దలతో అసలు ఉపయోగం ఇక్కడే, ప్రవచనంలో కాదు. మైకులో పేరు చదవడం, వాట్సాప్ గ్రూపులో పెట్టడం అసలు పనికిరాదు.

మొదటి రోజు ఇద్దరినీ విడివిడిగా, ఒక్కొక్కరిని నలభై నిమిషాలు వినాలి. ఆమెతో ఆడమనిషే కూర్చోవాలి. అత్తను, తల్లిగారిని ఆ రోజు పిలవొద్దు. అడగాల్సినవి సూటిగా అడగాలి: చెయ్యి చేసుకున్నాడా, గొంతు నులిమాడా, చంపుతానన్నాడా, ఫోన్ గుంజుకున్నాడా, పిల్లలను అడ్డం పెట్టి బెదిరించాడా? గొంతు పట్టుకున్నాడన్న మాట వినబడితే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే ఆలోచన అక్కడే ఆపేయాలి. ఇవాళ గొంతు మీద పడిన చెయ్యి రేపు ప్రాణం తీయొచ్చు. ఆమె ఒప్పుకుంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయించాలి, అప్పటికప్పుడు ప్రమాదముంటే అత్యవసర నంబరు 112కి. సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు, వకీలు సాయం ఒకేచోట దొరుకుతాయి, కొద్ది రోజులు తలదాచుకోవచ్చు. 2005 గృహహింస చట్టం కింద ఆమె ఇంట్లో ఉండే హక్కు కూడా అడగొచ్చు. ‘కేసు పెడితే కాపురం పోతది’ అని ఆమెను ఆపిన కమిటీ, తర్వాత జరిగేదానికి కూడా జవాబు చెప్పాల్సి ఉంటుంది.

కొట్లాట లేని తగువుల్లో ఎక్కువ శాతం పైసల దగ్గరే తిరుగుతాయి. రెండోసారి ఇద్దరినీ కూర్చోబెట్టినప్పుడు ఒక్క విషయమే తీసుకోవాలి, మూడు వాక్యాలే రాయాలి. వారం కూలి ఐదు వేలైతే కిరాయి, కిస్తీ, సరుకుల పైసలు శనివారం పొద్దుగూకకముందే ఆమె చేతికి, ఐదొందలు అతని జేబుకు, లెక్క అడగొద్దు. ‘ఇకనుంచి మంచిగుంటా’ అనే వాక్యం రాయించొద్దు, దాన్ని కొలవలేం. పుణె, బొంబాయి పనికి పోయిన ఇళ్లల్లో అయితే పైసలు ఆమె ఖాతాకే, ఫోన్ రోజూ ఒక్క వేళకే. వేళ పెట్టుకోకపోతే ‘ఎందుకు ఎత్తలేదు’ నుంచే అనుమానం పుడుతుంది.

ఇక కాగితం సంగతి. వంద రూపాయల బాండు మీద పెద్దమనుషులు రాయించిన ‘విడాకులు’ కోర్టులో విడాకులు కావు. అలాంటి కులాచారం ఉందని రుజువు చేయగలిగితే తప్ప, దాన్ని నమ్మి రెండో పెళ్లి చేసుకున్నవాళ్లు కేసులో ఇరుక్కుంటారు. ముమ్మారు తలాక్ సంగతి 2019 చట్టంతో తేలిపోయింది, అది చెల్లదు, పైగా నేరం. భరణం గురించి ఒప్పందం కుదిరితే దాన్ని లోక్ అదాలత్‌లో పెట్టించాలి, అక్కడి అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీ అంత బలముంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగాలి, ఫోన్ 15100.

అన్నింటికన్నా ఎక్కువ పొరపాటు జరిగేది తాగుడు దగ్గర. గుట్టమీద ఒట్టేయించడం, చర్చిలో చేతులుంచి ప్రార్థన చేయించడం, అయ్యప్ప మాల వేయించడం. ఇవి పనిచేయవని కాదు. నలభై ఒక్క రోజుల దీక్షలో పదిమంది తోడుంటారు, ఇంట్లో మర్యాద దొరుకుతుంది, చేతిలో పైసలు మిగులుతాయి. కానీ రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లోనే వణుకు, ఫిట్స్ రావొచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా లేనివి కనబడడం, పిచ్చిగా మాట్లాడడం. దాన్ని దయ్యమనో దీక్షలో అపచారమనో అనుకొని నిమ్మకాయలు కోస్తే ప్రాణం మీదికొస్తది.

మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడ్డవాళ్లకు ఇది ఇంకా గడ్డు. ఆ కల్లులో కలిపే డైజీపాం, అల్ప్రాజోలం లాంటి మందులకు అలవాటుపడ్డ ఒంటికి డాక్టరు చూపులో మెల్లగా తగ్గించాలి. కాబట్టి మాల వేయించే వారం ముందే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించాలి. మొదటి నాలుగు రాత్రులు పక్కన ఒక మనిషి పడుకోవాలి. సలహాకు 14416 టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, తెలుగులో మాట్లాడతారు.

కమిటీ మళ్లీ వాళ్లను చూసే తేదీలు ముందే రాసుకోవాలి: మూడో రోజు, పదిహేనో రోజు, మూడో నెల. పుస్తకంలో పేర్లు వద్దు, తగువుకో నంబరు చాలు. మాల వేసినవాళ్లకు ఇంకో తేదీ అదనం, మాల తీసే రోజు. శబరిమల నుంచి జీపు తిరిగొచ్చి చౌరస్తాలో దింపేది సాయంత్రం, వైన్ షాపు తెరిచి ఉండే వేళ. ఆ పూట కమిటీ మనిషి అక్కడే నిలబడి, అతని బ్యాగు తనే అందుకొని ఇంటిదాకా నడవాలి.